నేల తుడిచే రోజు

మా ఆయన ఎక్కడ టీ ఇచ్చినా తాగే ముందు కప్పును గోటితో ఒకసారి మీటుతారు. ఖంగుమంటే నిశ్చింతగా తాగుతారు. టప్పుమంటే కప్పు కింద అరచెయ్యి పెట్టుకుని తాగుతారు. మా పుట్టింట్లో మొదటిసారి టీ ఇచ్చినప్పుడు కూడా అలాగే మీటితే, అల్లుడికి మన మీద నమ్మకం లేనట్టుందే అని మా నాన్న నా చెవిలో గొణిగారు. నమ్మకం లేక కాదు నాన్నా, అది వృత్తితో వచ్చిన జబ్బు అన్నాను. అంటూనే పొంగిపోయాను.

ఈ మధ్య నేను దేనికైనా పొంగిపోతున్నాను. ఒకే తాడు మీద మా ఇద్దరి తువ్వాళ్ళు పక్కపక్కన ఆరుతుంటే నిలబడి చూస్తున్నానని మా వదిన, అంటే మా ఆయన అక్క, ఇప్పటికే బంధువులందరికీ చెప్పేసింది. చెప్పనీ. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

మా ఆయన పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. పచ్చి కప్పులు ఆరే గదికీ, వాటిని కాల్చే బట్టీకీ ఆయనే ఇన్‌ఛార్జి. నేను కాలేజీలో అదే పింగాణీ మట్టి మీద పరిశోధన చేస్తున్నాను. మమ్మల్ని కలిపింది చుట్టాలూ కాదు, స్నేహితులూ కాదు. పగిలిన కప్పులు.

ఆ ఫ్యాక్టరీ వెనక పెరట్లో పగిలిన కప్పులు కొండలా పేరుకుని ఉండేవి. కాల్చిన పింగాణీ మళ్ళీ మట్టిలో కలవదు. నీళ్ళు పోసినా నానదు, ఎండలో పెట్టినా మారదు. ఎత్తి పోయించడానికి కూడా చోటు దొరకని స్థితి వచ్చింది. మా గైడు, మేమందరం మాస్టారు అని పిలిచే ప్రొఫెసరుగారు, ఆ పెంకులను మెత్తగా పొడి చేసి కొత్త మట్టిలో కలిపే పద్ధతి ఒకటి ఆలోచించారు. దాని పాళ్ళు తేల్చే పని నాకిచ్చారు. మా ల్యాబులో ఆ మట్టితో చేసిన కప్పులు ముత్యాల్లా వచ్చాయి. ఫ్యాక్టరీ యజమానికి చూపించాం. అక్కడ అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. ఆయన కప్పును అటూ ఇటూ తిప్పి చూసి, సరే కానివ్వండి అన్నారు.

అక్కడే కథ అడ్డం తిరిగింది. ఫ్యాక్టరీలో అదే మట్టితో చేసిన కప్పులకు బట్టీలోంచి వచ్చాక పిడి అతికిన చోట వెంట్రుకంత పగులు కనిపించేది. కప్పు కప్పులా ఉంటుంది, పిడి పిడిలా ఉంటుంది, వేడి టీ పోస్తే మాత్రం రెండింటికీ పొత్తు కుదరదు.

అలాంటి కప్పులు పెట్టెనిండా మోసుకుని మా ఆయన మొదటిసారి మా ల్యాబుకు వచ్చారు. అప్పటికి ఆయన నాకు ఫ్యాక్టరీ సారు, నేను ఆయనకు కాలేజీ మేడమ్. పెట్టె నా బల్ల మీద దించి, నెమ్మదిగా అన్నారు.

"మేడమ్, మీ మట్టి మీ దగ్గర బుద్ధిగానే ఉంటుందట. మా దగ్గరికొస్తేనే అల్లరి చేస్తోంది. పుట్టింట్లో ఏం నేర్పించారో కాస్త కనుక్కుందామని వచ్చాను."

నాకు నవ్వాగలేదు. పరిశోధనలో నవ్వాగకపోవడం మంచి శకునం కాదని మా సీనియర్లు అంటారు. వాళ్ళ మాట నిజమే. ఆ రోజు నుంచి నా పగుళ్ళ లెక్కలన్నీ కొంచెం తప్పుతూ వచ్చాయి.

ఆ తర్వాత మేమూ ఫ్యాక్టరీకి వెళ్ళడం మొదలుపెట్టాం. మాస్టారు, నేను, కాలేజీ వ్యానులో. మొదటిసారి ఆరబెట్టే గదిలో అడుగుపెట్టగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి. పొడి మట్టి దుమ్ము సన్నగా లేచి ముక్కులోకి పోయింది. ఒక తుమ్ము అయితే చిరంజీవ అంటారు, నేను తుమ్మిన తుమ్ములకు ఎవరికీ దీవించే ఓపిక మిగల్లేదు. మాస్టారు నన్ను బయటికి పంపేశారు. వెళ్ళిన పని కాకుండానే తిరిగొచ్చాం.

రెండోసారి నుంచి ఏ ఇబ్బందీ లేదు. వ్యాను దిగి లోపలికి వెళ్ళేసరికి నేల మెరుస్తూ ఉండేది. ఫినాయిలు వాసన. నా చెప్పుల గుర్తులు తడి నేల మీద వరసగా పడేవి. చెక్క పలకల మీద పచ్చి కప్పులు బారులు తీరి, బడిలో పిల్లల్లా నిలబడి ఉండేవి. మేం కొలతలు తీసుకునేవాళ్ళం, టీ తాగేవాళ్ళం, తిరిగొచ్చేవాళ్ళం.

విచిత్రం ఏమిటంటే, మేం వెళ్ళిన రోజున ఆరిన కప్పులు బట్టీలోంచి నిక్షేపంగా వచ్చేవి. పిడులు గట్టిగా, పగులన్నది లేకుండా. మేం వెళ్ళని రోజుల్లో ఆరినవి మాత్రం మామూలే, అతుకుల దగ్గర విరిగేవి.

దీనికి ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పుకున్నారు. ఎవరైనా చూస్తుంటేనే వాళ్ళు జాగ్రత్తగా చేస్తారు, లేకపోతే చెయ్యరు అని మాస్టారికి అనుమానం. కాలేజీ వాళ్ళు వచ్చేటప్పుడు సంచిలో మంచి మట్టి తెచ్చి గుట్టుగా కలిపేసి పోతున్నారని పిడులు అతికే వాళ్ళకు అనుమానం. ఈ రెండో అనుమానానికి పెద్ద దిక్కు పిడక్క. పిడులు అతికే విభాగానికి ఆవిడే పెద్ద. ఆవిడ వయసెంతో ఎవరూ అడగరు, ఆవిడ నోటికి అందరూ జడుస్తారు. ఒకసారి నేను వ్యాను ఎక్కుతుంటే నా సంచి వైపు అదోలా చూసింది. లోపల ఉన్నది నా గొడుగు.

ఆ అనుమానాల మధ్యే మా పెళ్ళయింది.

పెళ్ళికి మాస్టారు వచ్చారు, పెద్దాయన వచ్చారు. ఇద్దరూ ఒకే వరసలో, మధ్యలో ఒక కుర్చీ ఖాళీ వదిలి కూర్చున్నారు. ఆ ఖాళీ కుర్చీని చూస్తే నాకు మనసు చివుక్కుమంది. పెళ్ళికూతురిని కాకపోతే వెళ్ళి నేనే అందులో కూర్చునేదాన్ని.

అత్తవారిల్లు నాకు బాగా నచ్చింది. ఆ ఇంట్లో అందరూ ఫ్యాక్టరీలో పక్కన పెట్టేసిన కప్పుల్లోనే టీ తాగుతారు. మావయ్యగారి కప్పుకు పొట్ట కాస్త ఉబ్బు. వదిన కప్పు మీద పువ్వు సగమే అచ్చయింది. మా ఆయన కప్పు నేల మీద పెడితే కుడివైపుకు ఒరుగుతుంది. నాకు మాత్రం అత్తయ్య అల్మరా పైఅర నుంచి బంగారు అంచు కప్పు దించేది. దాని కింద సాసరు, సాసరులో చెంచా. వంటగదిలో నన్ను ఏదీ ముట్టుకోనిచ్చేది కాదు. కూర్చో తల్లీ, కూర్చో తల్లీ. సామాన్ల గది తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. అందులో ఏముందని అడిగితే, అంతా చెత్త, నువ్వెందుకు చూడటం అనేది. ప్రేమ కొద్దీ చేస్తున్నదే. అయినా ఆ బంగారు అంచు పెదవికి తగిలినప్పుడల్లా, ఈ చుట్టపమ్మాయి ఎప్పుడు వెళ్తుందో అని ఎవరో గుమ్మం దగ్గర ఎదురుచూస్తున్నట్టు ఉండేది.

సరిగ్గా అప్పుడే పెద్దాయన కాలేజీకి వచ్చి మాస్టారితో మాట్లాడారు. నేనూ అక్కడే ఉన్నాను. కోపంగా ఏమీ మాట్లాడలేదు. కోప్పడి ఉంటేనే బాగుండేది. ఇంతకు ముందు కూడా ఒకసారి ఎవరో కాలేజీ వాళ్ళు వచ్చారట, కొలిచారట, రాసుకున్నారట, మళ్ళీ కనిపించలేదట. మీరు అలాంటివారు కారు, నాకు తెలుసు అన్నారు. చివరికి లేస్తూ అన్నారు.

"చుట్టపుచూపుగా వచ్చిపోయేవాళ్ళతో బట్టీ నడవదు మాస్టారూ. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఇంకొక్క బట్టీ చూస్తాను. అందులోనూ పిడులు విడిపోతే పాత మట్టికే పోతాం. తర్వాత మీరూ రావద్దు, మేమూ రాము."

అంటే నా పరిశోధన అక్కడితో ఆగిపోతుంది. పెరట్లో పెంకుల కొండ పెరుగుతూనే ఉంటుంది. అన్నిటికన్నా నాకు గుచ్చుకున్నది ఆ చివరి మాట. నేను రోజూ ఆ ఫ్యాక్టరీ మనిషి పక్కన కూర్చుని భోంచేస్తాను. రెండు తలుపులూ మూసుకుంటే నేను ఏ గుమ్మంలో నిలబడాలి?

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కొత్త కోడలి మనసు కష్టపెట్టకూడదని అత్తయ్య ఇంకో చెంచా చక్కెర వేసింది.

మర్నాడు నాకు కాలేజీ లేదు. మా ఆయన భోజనం డబ్బా మర్చిపోయి వెళ్ళిపోయారు. నేనే తీసుకెళ్తానన్నాను. నువ్వెందుకు ఎండలో, అని అత్తయ్య అంటూనే ఉంది, నేను అప్పటికే చెప్పులు వేసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆయన డబ్బా మర్చిపోవాలని వారం నుంచి కోరుకుంటున్నాను.

ఎప్పుడూ వ్యానులో పెద్ద గేటు దాకా వెళ్ళేదాన్ని. అక్కడ వాచ్‌మన్ మమ్మల్ని చూడగానే ఫోన్ ఎత్తి, కాలేజీ వాళ్ళొచ్చారు అని లోపలికి చెప్పేవాడు. ఈసారి ఇంటి నుంచి నడిచి వెళ్ళాను కనుక వెనక సందులోంచి చిన్న గేటుకు చేరాను. అక్కడి ముసలి వాచ్‌మన్ చేతిలో డబ్బా చూసి, పేరు కూడా అడగలేదు. భోజనమా అమ్మా, వెళ్ళు వెళ్ళు, ఆకలి మీద ఉంటాడు అన్నాడు. ఫోన్ ఎత్తలేదు. నేను ఆయన భార్యనని ఒక్క మాటా చెప్పకుండానే తెలిసిపోయినందుకు ఎంత మురిసిపోయానో, పెంకుల కొండ పక్క నుంచి దాదాపు గెంతుకుంటూ వెళ్ళాను.

ఆరబెట్టే గది తలుపు తీశాను. తీయగానే తుమ్మాను.

అది నేను ఎరిగిన గది కాదు. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. సీలింగు ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. నేల మీద తెల్లటి దుమ్ము పరుచుకుని, దాని మీద అందరి అడుగులూ ముద్రలు పడి ఉన్నాయి. పలకలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. మూలన ఎవరి తువ్వాలో వేలాడుతోంది. నా పెదవులు క్షణంలో ఎండిపోయాయి. మళ్ళీ తుమ్మాను, ఇంకోసారి తుమ్మాను.

పిడక్క తలెత్తి చూసింది. నన్ను పోల్చుకుని కంగారుపడింది. చీపురు ఎక్కడుందో చూడండే, కోడలమ్మాయి వచ్చింది అని ఎవరినో కేకేసింది. నేను వద్దన్నాను, డబ్బా ఇచ్చి పోతానన్నాను. ఊరికే మాట కలుపుదామని, ఇవాళ నేల తుడవలేదా అక్కా అని అడిగాను.

"మీ కాలేజీ వాళ్ళొచ్చే రోజునే కదమ్మా తుడిచేది. రోజూ కడుక్కుంటూ కూర్చుంటే కప్పులు మీ మాస్టారొచ్చి చేస్తాడా? తడి నేల మీద పలకెత్తుకుని నడిస్తే నడుం విరుగుతుంది."

నేను నవ్వాను. నవ్వు సగంలో ఆగిపోయింది.

నేల తుడిచే రోజు. నీళ్ళు. తడి నేల మీది నీరంతా ఎక్కడికి పోతుంది? గాలిలోకి. తడి గాలిలో కప్పు నెమ్మదిగా ఆరుతుంది. పిడి సన్నం, కప్పు మందం. పొడి గాలిలో పిడి ముందు ఆరిపోయి కుంచించుకుంటుంది, కప్పు ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఒకటి లాగుతుంది, రెండోది రానంటుంది. అతుకు దగ్గర కంటికి కనిపించని పగులు పుడుతుంది. బట్టీలోకి వెళ్ళాక బయటపడుతుంది. పాత మట్టి తాపీగా ఆరే రకం, అందుకే ఈ గదిలో ఎన్నేళ్ళయినా దానికేమీ కాలేదు. మా మట్టి తొందరగా ఆరుతుంది.

మేం వచ్చిన రోజున కప్పులు బాగుండటానికి కారణం మేము కాదు. మా కోసం తుడిచిన నేల.

పిడక్క నా ముఖం చూసి ఏమైందే అంది. నేను డబ్బా ఆవిడ చేతిలో పెట్టేశాను. మళ్ళీ లాక్కున్నాను, అది మా ఆయనది కదా.

మా ఆయన బట్టీ వెనక మెట్ల మీద దొరికారు. ఆయన తింటుంటే నేను ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. రెండోది చేతిలోనే ఉండిపోయింది. నాకు భయం వేసింది. మీ గది మురికిగా ఉందని అన్నట్టు వినిపించిందేమో, పెళ్ళయిన కొత్తలోనే ఇలా నోరు జారానేమో అనుకున్నాను. ఆయన మెల్లగా అన్నారు.

"తుడిపించింది నేనే."

"మీరా?"

"నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు తుమ్మావు కదా. కళ్ళనిండా నీళ్ళతో బయటికి వెళ్ళిపోయావు. మళ్ళీ రావేమో అనిపించింది. ఆ రోజు నుంచి మీ వ్యాను వస్తోందని గేటు నుంచి ఫోన్ రాగానే నేల తుడవమని చెప్పేవాణ్ణి. కిటికీలు మూయించేవాణ్ణి. ఫ్యాన్లు ఆపించేవాణ్ణి."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంత మంది ఇన్నాళ్ళు తలలు బద్దలు కొట్టుకున్న చిక్కుముడి నా ముక్కులో ఉందన్నమాట. పరిశోధన చేసేవాళ్ళలో నా అంత అదృష్టవంతురాలు ఉండదని ఆ మెట్ల మీద కూర్చుని అనుకున్నాను. పగులు ఎందుకొచ్చిందో తెలిసింది. ఈ మనిషి నన్ను ఎప్పటి నుంచి ఇష్టపడుతున్నాడో కూడా అదే వాక్యంలో తెలిసింది.

ఆయనకు మాత్రం దిగులు పట్టుకుంది. పెద్దాయన ముందు ఏమని చెప్పను, అమ్మాయి తుమ్మిందని గది కడిగించాను, దాంతో అసలు కారణం కనబడక మీ బట్టీలు పోయాయి అని చెప్పనా అన్నారు. అదే చెప్పండి అన్నాను. నేను పక్కనే నిలబడతాను అన్నాను. అవసరమైతే తుమ్ముతాను కూడా అన్నాను. అప్పుడు నవ్వి, చేతిలో ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

అక్కడి నుంచి నేరుగా మాస్టారింటికి వెళ్ళాను. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామే అన్నారు. తర్వాత అలా అనడం కూడా తప్పే అన్నారు. మా ల్యాబులో గాలి తేమ ఎప్పుడూ ఒకే తీరున ఉంచే యంత్రం నడుస్తుంది. అది ఆపేసి మన మట్టిని ఒక్కసారైనా ఆరబెట్టి చూశామా అని అడిగారు. చూడలేదు. త్వరగా ఆరుతుంది అన్నది ఈ మట్టికున్న గొప్ప గుణమని మేమే వాళ్ళకు చెప్పాం. ఎంత త్వరగా ఆరితే మీకు మంచిదని వాళ్ళను అడగలేదు. ఇంకో మాట కూడా అన్నారు. ఫ్యాక్టరీ వాళ్ళు వస్తున్నారంటే మనం మాత్రం ఏం చేస్తున్నాం? విరిగిన ముక్కలన్నీ చెక్క బీరువాలోకి తోసేసి, మంచివి అద్దాల పెట్టెలో పేర్చి పెట్టడం లేదా? వాళ్ళు మనకు తుడిచిన నేల చూపించారు, మనం వాళ్ళకు తుడిచిన బల్ల చూపించాం.

రెండు రోజుల తర్వాత మాస్టారు, నేను చిన్న గేటులోంచి వెళ్ళాం. వ్యాను లేదు, ఫోన్ లేదు. మాస్టారు తోటపని చేసేటప్పుడు వేసుకునే పాత చొక్కా వేసుకొచ్చారు. ముసలి వాచ్‌మన్ ఆయన్ని పైకీ కిందికీ చూసి, పనికోసమా అన్నా అని అడిగాడు. అవును బాబూ అన్నారు మాస్టారు. అబద్ధం కాదు కదా.

ఆరబెట్టే గదిలో పెద్దాయన, మా ఆయన, పిడక్క ఉన్నారు. మాస్టారు గుమ్మం దాటారు, తుమ్మారు. ఆగారు, మళ్ళీ తుమ్మారు. ఈయన కూడానా అంది పిడక్క. ఎవరో కిసుక్కున నవ్వారు.

మా ఆయన మాట తడబడకుండా మొత్తం చెప్పారు. నేను తుమ్మిన సంగతి, తను నేల తుడిపించిన సంగతి, కిటికీలు మూయించిన సంగతి. చెవులు ఎర్రబడ్డాయి. పెద్దాయన నేల వైపు చూస్తూ ఉండిపోయారు. ఆయన కోప్పడతారనుకున్నాను. ఉద్యోగం గురించి కూడా భయపడ్డాను.

"అంటే ఇన్నాళ్ళూ నా గదిని నేనే వాళ్ళకు చూపించలేదన్నమాట," అన్నారు ఆయన.

"మా తప్పూ ఉంది," అన్నారు మాస్టారు. "చూపించమని మేమూ అడగలేదు. టీ తాగి వెళ్ళిపోయాం."

నేను సంచిలో మంచి మట్టి తేలేదని ఇప్పుడైనా నమ్ముతావా అక్కా అని పిడక్కను అడిగాను. ఆవిడ మా ఆయన్ని చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"మా నడుములు విరగ్గొట్టి మరీ ప్రేమించావట్రా నువ్వు?"

ఈసారి పెద్దాయన కూడా నవ్వారు. ఆ నవ్వుతో గదిలో ఏదో వదులైంది. ఎవరు ముందు కూర్చున్నారో గుర్తు లేదు, తిరగేసిన పెట్టెల మీద అందరం కూర్చున్నాం. మాటలు అటూ ఇటూ పోయాయి. గదిలో తేమ ఎంత ఉండాలో మాస్టారు లెక్క కట్టి చెప్పారు. అయితే రోజూ నేల తడపండి అన్నారు. పిడక్క ఒప్పుకోలేదు, జారిపడితే కాళ్ళు మీవి కావు అంది. గాలి ఎటు నుంచి వస్తుందో మా ఆయన చూపించారు, పడమటి కిటికీ నుంచి. ఆ కిటికీకి తడిపిన గోనె పట్టాలు కడితే నేల పొడిగానే ఉంటుంది, గాలి తడుస్తుంది అని నేనన్నాను. మరి పిడులకు ముందు గాలి తగలకుండా పలకల మీద ప్లాస్టిక్ కాగితం కప్పుదాం, సగం ఆరాక తీసేద్దాం అని పిడక్క అంది. ఎప్పుడు తీయాలో నేను చూసి చెబుతాను అని కూడా అంది. మాస్టారు మరి కొలత అనబోయి ఆగి, మీరు చూసి చెప్పండి, ఆ క్షణంలో నేను కొలుస్తాను, తర్వాత ఇంకెవరికైనా చెప్పాలంటే ఆ అంకె పనికొస్తుంది అన్నారు. ఆ మాట పిడక్కకు నచ్చింది. నా తర్వాత వచ్చేదానికి నేర్పలేక చస్తున్నా, రాసివ్వండి అంది.

ఆఖరి బట్టీకి కప్పులను రెండు భాగాలు చేశాం. సగం మామూలుగా, తెరిచిన కిటికీల గాలికి. సగం గోనె పట్టాల చాటున, కాగితం కింద. మట్టి అదే, చేతులు అవే. కలిసిపోకుండా మామూలు వాటి అడుగున పిడక్క గోటితో చిన్న గీత పెట్టింది.

బట్టీ చల్లారే దాకా తలుపు తీయకూడదు. ఆ వేచి ఉండే కాలమంతా మా ఆయనా నేనూ ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వేరే సంగతులు మాట్లాడుకున్నాం. కర్టెన్లు ఏ రంగువి కొందామని మాట్లాడుకున్నాం. ఇద్దరికీ ఏ రంగూ కనిపించలేదు. పాత మట్టికే పోతే ఏం చేస్తావని ఒక్కసారి అడిగారు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాను, కానీ మీరు పెట్టె మోసుకుని రారు కదా అన్నాను. ఆయన లేచారు. నా తడి తువ్వాలు పిండి తాడు మీద ఆరేశారు.

తలుపు తీసిన ఉదయం గదిలో అందరూ ఉన్నారు. పిడక్క చిన్న చెక్కపుల్ల తీసుకుని ముందు గీత ఉన్న కప్పును కొట్టింది. టప్పు. ఇంకోటి. టప్పు. ఇంకోటి ఖంగుమంది, తర్వాతది మళ్ళీ టప్పు. అప్పుడు గీత లేని వరస వైపు తిరిగింది. నేను మా ఆయన చొక్కా చెయ్యి పట్టుకున్నాను, అందరి ముందే.

ఖంగు. ఖంగు. ఖంగు.

ఆవిడ ఆపలేదు. వరసంతా మోగించుకుంటూ పోయింది. గది నిండా చిన్న చిన్న గంటలు మోగినట్టయింది. చివరి కప్పు దగ్గరికి వచ్చేసరికి పుల్ల మాస్టారి చేతికిచ్చింది, మీరు కొట్టండి అని. మాస్టారు కొట్టారు. అదీ ఖంగుమంది. పెద్దాయన ఆ కప్పు తీసుకుని పిడి పట్టుకుని లాగి చూశారు, దీపానికి అడ్డం పెట్టి చూశారు, తర్వాత మాస్టారి పక్కన, ఏ ఖాళీ వదలకుండా కూర్చున్నారు. అక్కడి నుంచే పెద్ద గేటు వాచ్‌మన్‌కు కబురు పంపారు.

"ఇకమీదట కాలేజీ వాళ్ళొస్తే ఫోన్ చెయ్యొద్దని చెప్పండి. వాళ్ళు మనవాళ్ళే."

నాకు ఆ రోజు కప్పుల కన్నా ఆ మాటే ఎక్కువ గట్టిగా మోగింది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. మాకు కాస్త ఎక్కువే పట్టింది, మధ్యలో నేల తుడవడం వల్ల.

ఆ తర్వాతి వారం పిడక్క చెప్పా పెట్టకుండా మా ల్యాబుకు వచ్చింది. నేరుగా చెక్క బీరువా దగ్గరికి వెళ్ళి తలుపు లాగింది. మేం దాచిన విరిగిన ముక్కలన్నీ జలజలా ఆవిడ కాళ్ళ మీద పడ్డాయి. ఓహో, మీవీ పగులుతాయన్నమాట అని ఎంత తృప్తిగా అందంటే, మాస్టారు ఆవిడకు కుర్చీ వేసి ఒక్కో ముక్కా ఎందుకు విరిగిందో చెబుతూ మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. పెరట్లో కొండ ఇప్పుడు పెరగడం లేదు. కాస్త తరిగిందని వాచ్‌మన్ అంటాడు, నాకు కంటికి కనిపించదు గానీ నేనూ అవునంటాను.

ఇంట్లో ఈ కథంతా మా వదినే చెప్పింది, నా కన్నా ఎక్కువ తుమ్ములు కలిపి. అత్తయ్య కూర తరుగుతూ వింది. మర్నాడు ఉదయం నాకు టీ ఇచ్చింది. బంగారు అంచు లేదు, సాసరు లేదు. పిడి కాస్త పైకి అతికిన కప్పు, ఎవరో పరధ్యానంలో ఉన్న రోజున చేసింది. పట్టుకుంటే బొటనవేలు కప్పులో మునిగేంత పని అవుతుంది. నేను గోటితో మీటాను. ఖంగుమంది.

"తాగి కడిగి ఆ వరసలో పెట్టు తల్లీ," అంది అత్తయ్య. "తర్వాత ఆ సామాన్ల గది కాస్త సర్దుదువుగాని. నా వల్ల కావడం లేదు."

నా పెళ్ళి రోజున కూడా నేను అంత సంతోషపడలేదేమో. కొంగు బిగించుకుని సామాన్ల గది తలుపు తీశాను. అంతా చెత్తే, అత్తయ్య నిజమే చెప్పింది. పాత పెట్టెలు, విరిగిన కుర్చీ, మా ఆయన చిన్నప్పటి సైకిలు. దాని మీద చెయ్యి వేయగానే దుమ్ము లేచింది. తుమ్మాను. ఇంకోసారి తుమ్మాను.

పక్కగదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"నేల తుడిపించమంటారా మేడమ్?"

"వద్దండీ," అన్నాను. "ఇలాగే ఉండనివ్వండి."